గురకకు ఫస్ట్ ర్యాంకు

కృష్ణంరాజు గురక పెడతాడన్న సంగతి చోడవరంలో ఆ ఒక్క వీధివాళ్ళకే తెలుసు. వాళ్ళూ దాన్ని పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఎండాకాలంలో ఎదురింటి డాబా మీద పక్కలు వేసుకునేవాళ్ళు మాత్రం, "రాజుగారు పడుకున్నారు, ఇంక మనమూ పడుకుందాం" అనుకునేవారు. అలాంటిది తొంభై తొమ్మిదో సంవత్సరంలో ఆ గురక సంగతి ఏయే దేశాల్లోనో ఉన్న ఆడవాళ్ళు చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. ఆ పని చేసింది ఆయన భార్య రూపాదేవి.

రూపాదేవి పుట్టిల్లు రావికమతం. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి ఇంగ్లీషు ముఖ్యంగా తీసుకుని బీయే చదివింది. పెళ్ళయి చోడవరం వచ్చాక ఆ ఇంగ్లీషు పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్పడానికి తప్ప మరెందుకూ అక్కరకు రాలేదు. కూతురు ఉష ఇంటర్ చదువుకని తనూ విశాఖ హాస్టల్లో చేరిపోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురు: తను, భర్త, అత్తగారు అప్పయమ్మ. భర్తకి బస్టాండు ఎదురుగా ఎస్టీడీ, జిరాక్స్ షాపు ఉంది. మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికొచ్చి ఓ కునుకు తీసి తిరిగి వెళ్ళేదాకా షాపులో రూపాదేవి కూర్చునేది. కరెంటు ఉంటే జిరాక్స్, లేకపోతే విసనకర్ర.

ఆ షాపులో కంప్యూటర్ పెట్టించింది ఆమె తమ్ముడు ధర్మతేజ. అతను విశాఖలో ఒక కంప్యూటర్ కంపెనీలో పని చేస్తున్నాడు. "ఫోన్ లైను నీకెలాగూ ఉంది బావా. మోడెమ్ తగిలిస్తే సాలు, ఇంటర్నెట్ వచ్చేస్తాది. జనం క్యూ కట్టేస్తారు సూడు" అన్నాడు. పరీక్షల రిజల్ట్స్ వచ్చిన రోజు నిజంగానే క్యూ కట్టారు. మిగతా రోజుల్లో దాని మీద గుడ్డ కప్పి ఉండేది.

ఒక శనివారం ధర్మతేజ వచ్చి ఆ గుడ్డ తీసి, ఒక సైటులో డబ్బివ్వకుండానే ఎవరైనా తమ పేజీ పెట్టుకోవచ్చని అక్కకి చూపించాడు. "నీకిష్టమొచ్చింది రాయక్కా. వారానికొకటి. నువ్వు కాలేజీలో గోడపత్రికకి రాసేదానివి కదా." రూపాదేవి మొదట్లో సిగ్గుపడింది. తరవాత మధ్యాహ్నాలు మెల్లగా రాయడం మొదలుపెట్టింది. వర్షాకాలంలో పెంకుల కింద ఎక్కడెక్కడ గిన్నెలు పెడతారో, మాడుగుల హల్వా కొనుక్కొస్తే ఇంటికి చేరేసరికి ఎంత మిగులుతుందో, అత్తగారు కూరగాయలమ్మే ఆమెతో ఎలా బేరమాడతారో ఇంగ్లీషులో రాసేది. ముందు అంతా రాసుకుని, ఆఖర్న ఫోన్ కలిపి, మోడెమ్ కీచుమని అరిచి లైను దొరికాక గబగబా పంపించేసేది. ఫోన్ బిల్లు భయం.

పేజీ అడుగున స్కూటర్ మీటర్‌లాంటిది ఒకటి ఉండేది. ఎవరైనా పేజీ తెరిస్తే అందులో అంకె మారుతుంది. ఆ అంకెలన్నీ తనవీ తమ్ముడివేనని ఆమెకి తెలుసు. అయినా రాయడం మానలేదు. ఎవరో ఒకరు వింటున్నట్టు ఉండేది.

గురక గురించి రాయాలని ఆమె అనుకోనే లేదు. ఒకనాడు పొద్దున్నే కృష్ణంరాజు కాఫీ తాగుతూ, "రాత్రంతా కన్నంటుకోలేదు రూపా" అన్నాడు. రాత్రంతా ఆయన గురక వింటూ కూర్చున్న మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ మధ్యాహ్నం షాపులో కూర్చుని, కోపంగా మొదలుపెట్టి నవ్వుతూ ముగించింది. మావారి గురక ఒకటి కాదు, రకాలున్నాయి అని రాసింది. మొదటిది చెరకు గానుగ, ఒకే తీరుగా తిరుగుతూ ఉంటుంది. రెండోది పాడేరు ఘాటెక్కే బస్సు, మలుపు మలుపుకీ గేరు మారుతుంది. మూడోది అన్నిటికంటే గొప్పది. బస్సు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇంజను చప్పుడే ఉండదు. నేను లేచి కూర్చుని, ఆయన ఊపిరి కోసం నా ఊపిరి బిగబట్టుకుంటాను. అప్పుడు ఒక్కసారిగా కొండ విరిగిపడ్డట్టు చప్పుడు చేసి బస్సు మళ్ళీ బయల్దేరుతుంది. పేరు మాత్రం రాయలేదు. అంతా 'మావారు' అనే.

ధర్మతేజ అది చదివి ఫోన్లోనే పడీ పడీ నవ్వాడు. పేజీకి శీర్షిక తనే పెట్టాడు. 'భర్త గురక' అని అర్థమొచ్చే మాటలు ఇంగ్లీషులో సూటిగా పెట్టి, "వెతికేవాళ్ళు కవిత్వం కొట్టరక్కా, ఇలాగే కొడతారు" అన్నాడు.

కొన్ని వారాల తరవాత అతను షాపుకి ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు ఫస్టొచ్చేవు!"

"ఏ పరీక్షలోరా?"

"గురకలో. సెర్చ్ ఇంజన్ అని ఉంటాది కదా, ఏదైనా మాట కొడితే దానికి సంబంధించిన పేజీలన్నీ వరసగా సూపిస్తాది. అందులో భర్త గురక అని కొడితే, ప్రపంచంలో అందరికంటే ముందు నీ పేజీ వస్తంది."

"ముందొస్తే ఏటవుతాది?"

"మీటర్ సూడు."

చూసింది. నిన్నటిదాకా బద్ధకంగా కదిలిన అంకెలు ఇవాళ ఆటో మీటర్లా తిరిగిపోతున్నాయి. తప్పు పడిందేమోనని పేజీ మూసి మళ్ళీ తెరిచింది. ఈలోగా ఇంకా పెరిగాయి.

ధర్మతేజ ఫోన్లో చెప్పినదంతా ఆమెకి షాపు గుమ్మంలోంచి చూస్తే ఇంకా బాగా అర్థమైంది. బస్టాండులో అరటిపళ్ళు అమ్మే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. పళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి. బస్సు తలుపు సరిగ్గా ఎవరి గంప ముందు ఆగుతుందో ఆవిడ గంప ఖాళీ. వెనక వరసలో ఉన్నావిడ ఎంత అరిచినా దిగినవాళ్ళు అక్కడిదాకా రారు. తన గంప ముందు ఇప్పుడు ప్రపంచం బస్సు వచ్చి ఆగింది, అంతే.

ఉత్తరాలు రావడం మొదలైంది. కంప్యూటర్లో వచ్చేవే, కానీ ఆమె వాటిని ఉత్తరాలనే అనేది. ఎవరో ఒకావిడ తన భర్త గురక ఓడ కూతలా ఉంటుందని రాసింది. ఇంకొకావిడ, తన రెండో భర్త మొదటి భర్తకంటే గట్టిగా పెడతాడని వాపోయింది. కొడుకు దగ్గర అననని మాటిచ్చి ఉత్తరాలు వినే అత్తగారికి రూపాదేవి అది మాత్రం చదివి వినిపించలేదు. ధర్మతేజ ఒక ప్రకటనల కంపెనీతో మాట్లాడి పేజీ నెత్తిన రంగురంగుల పట్టీ ఒకటి పెట్టించాడు. చదవడానికొచ్చినవాళ్ళు దాని మీద నొక్కితే ఆమె పేర డబ్బు పడుతుందన్నాడు. ఆ మాట ఆమె నమ్మలేదు. అందుకే భర్తకీ చెప్పలేదు. గురక సంగతి చెప్పకపోవడానికి మాత్రం కారణం భయమే.

చెక్కు రానే వచ్చింది, డాలర్లలో. బ్యాంకులో ఖాతా ఇద్దరి పేరా ఉంది కాబట్టి ఇద్దరూ రావాలన్నారు. కృష్ణంరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ బయల్దేరాడు. భార్య ఇంగ్లీషు రాతకి విదేశాల నుంచి డబ్బు వచ్చిందన్నంతవరకే ఆయనకి తెలుసు. దారిలో కనిపించిన ఇద్దరు ముగ్గురికి ఆ సంగతి చెప్పుకున్నాడు కూడా.

బ్యాంకు ఆఫీసరు సత్యారావు చెక్కుని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "ఇలాటిది మా బ్రాంచికి రావడం ఇదే మొదలు మేడమ్. దేనికిచ్చేరో రాయాలి. దేనికండీ?"

"రాతకండి" అంది రూపాదేవి నెమ్మదిగా.

"ఏం రాసేరు?"

"ఇంటి సంగతులే."

"ఇంటి సంగతులకి డాలర్లిస్తారా! ఏ సంగతికిచ్చేరో సెప్పండి, మా ఆవిడ సేత కూడా రాయిస్తాను."

రూపాదేవి చీర కొంగు వేలికి చుట్టుకుంది. కృష్ణంరాజు ధీమాగా కుర్చీలో వెనక్కి వాలాడు. "సెప్పు రూపా. దాచడానికేటుంది?"

"మీ గురక గురించండి" అంది.

టీ గ్లాసులు పట్టుకొస్తున్న అటెండరు పరదేశికి నవ్వు ఆగలేదు. టీ సగం ట్రేలో ఒలికిపోయింది.

సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. టిఫిన్ హోటల్లో ఎవరో, "రాజుగారూ, మా గురక రూపాయికి కూడా పోవడం లేదు. మీరెలా పెడతారో కాస్త నేర్పండి బాబూ" అన్నారు. మందుల షాపు బంగార్రాజు అయితే, ఆయన దారిన పోతుంటే కళ్ళు మూసుకుని కౌంటర్ మీద తలవాల్చి ఘాటెక్కే బస్సులా గురక పెట్టి చూపించాడు. కృష్ణంరాజు ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి విసిరేసి, "నేను గురకెట్టను" అన్నాడు.

"ఎట్టవురా నాయనా, ఎట్టవు" అంది అప్పయమ్మ చింతపండు గింజలు తీస్తూ. "మన పెరట్లో రైసు మిల్లుంది. దాని సప్పుడది."

ఆయన రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు. అన్నం పెట్టించుకోవాలంటే తల్లితో, "అమ్మా, పెట్టమను" అనేవాడు. మూడో రోజు రూపాదేవికే మనసు చివుక్కుమంది. నవ్వులాటకి రాసింది కానీ, ఆయన ఊళ్ళో తలెత్తుకు తిరిగే మనిషి. "తీసెయ్‌మంటే తీసేస్తానండి. మీకన్నా ఎక్కువేటి అది నాకు" అంది. "తీసెయ్" అన్నాడాయన గోడవైపు తిరిగి.

ఆ మధ్యాహ్నం షాపుకెళ్ళి, కంప్యూటర్ ముందు కూర్చుని, తీసెయ్యబోయే ముందు వచ్చిన ఉత్తరాలు ఒకసారి చూసుకుందామనుకుంది. అందులో ఒకటి ఎక్కడో చలిదేశంలో ఆసుపత్రిలో పని చేసే నర్సు రాసింది. నా భర్త గురకకి మందేదైనా ఉందేమోనని వెతికితే ముందుగా నీ పేజీయే వచ్చింది, చదివి చాలా నవ్వాను, అని మొదలుపెట్టింది. కానీ నువ్వు చెప్పిన మూడో రకం దగ్గర నవ్వలేకపోయాను. అక్కడ ఆగుతున్నది గురక కాదు, ఊపిరి. ఆయన పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడతాడా? పొద్దున్నే తలనొప్పి అంటాడా? అలా అయితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించు, అని రాసింది.

రూపాదేవి ఆ ఉత్తరం ఇంకోసారి చదివింది. కౌంటర్ దగ్గర కునికిపాట్లు, పొద్దుటి తలనొప్పి రెండూ నిజమే. మొన్నీమధ్య స్కూటర్ మీద రోలుగుంట నుంచి వస్తూ కళ్ళు మూతపడి ఎదురుగా ఉన్న చెరకు బండిని గుద్దబోయాడు. అదంతా ఒళ్ళు బరువెక్కడం వల్ల వచ్చిన బద్ధకమనుకుంది. రాత్రంతా కన్నంటుకోలేదని ఆయనన్న మాట అబద్ధం కాదేమో! తను వెక్కిరించింది నిజంగా నిద్ర లేని మనిషినన్నమాట.

పేజీ తియ్యలేదు. షాపుకి తాళం వేసి నేరుగా ఇంటికొచ్చింది. కృష్ణంరాజు అన్నం తింటున్నాడు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, ఆయన మాట్లాడినా మాట్లాడకపోయినా సరేనని ఆ ఉత్తరంలో ఉన్నదంతా తెలుగులో చెప్పింది.

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. "ఏ దేశం మనిషి?"

"పేరే సరిగ్గా పలకలేనండి."

"నన్నెప్పుడూ సూడలేదు కదా ఆవిడ?"

"లేదండి."

"మరి ఆవిడకెందుకే నా ఊపిరి గొడవ?"

రూపాదేవి మజ్జిగ గిన్నె ఆయన ముందుకి జరిపింది. ఆయన మజ్జిగ పోసుకుని తిని లేచాడు. మర్నాడు పొద్దున్న మళ్ళీ ఆ ఇస్త్రీ చొక్కాయే వేసుకుని గుమ్మంలో నిలబడి, "విశాఖ బస్సుకి వేళయింది, వస్తన్నావా లేదా?" అన్నాడు.

విశాఖలో ముక్కు, చెవి డాక్టరు ఆయన్ని నోరు తెరిపించి, ముక్కులో లైటు వేసి చూసి, రూపాదేవిని అడగవలసినవన్నీ అడిగాడు. మూడో రకం గురక గురించి ఆమె చెప్పిన తీరు విని, "ఇంత వివరంగా ఎవరూ సెప్పరమ్మా. మీరేదైనా రాస్తారా?" అన్నాడు. కృష్ణంరాజు దగ్గాడు. ముక్కు దూలం వంకరగా ఉంది, లోపల కండ పెరిగింది, చిన్న ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. ఒళ్ళు తగ్గాలన్నాడు. వెల్లకిలా పడుకోకూడదన్నాడు. ఆ ఆఖరి మాట ఎలా పాటించాలో తెలియక రూపాదేవి బనీను వీపు మీద ఒక జేబు కుట్టి, అందులో రబ్బరు బంతి పెట్టింది. వెల్లకిలా తిరిగితే బంతి ఒత్తుకుంటుంది, పక్కకి ఒత్తిగిల్లాల్సిందే. "ఈ బంతి సంగతి మాత్రం రాయకు" అన్నాడు కృష్ణంరాజు. అప్పటికి ఆయన కోపం పోయింది. పేజీ తీసెయ్యమనడం కూడా మానేశాడు. "ఉండనీ. ఆ నర్సమ్మలాంటి వాళ్ళు ఇంకెవరికైనా సెప్తారేమో" అన్నాడు.

ఆపరేషన్ అయింది. రోజూ పొద్దున్నే విఘ్నేశ్వరుడి గుడిదాకా నడక మొదలైంది. హోటల్లో పూరీలు మానేశాడు. చలికాలం వచ్చేసరికి గానుగ ఆగింది, బస్సూ ఆగింది, కొండ విరగడం పూర్తిగా పోయింది. మొదట్లో రూపాదేవికి ఆ నిశ్శబ్దం నమ్మకం కుదరక, లేచి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. కౌంటర్ దగ్గర కునికిపాట్లు పోయాయి. మనిషి హుషారయ్యాడు. హుషారెక్కి ఊరుకోకుండా, కంప్యూటర్ నేర్చుకున్నాడు.

నేర్చుకున్నది ఒక్కటే. పొద్దున్నే షాపు తెరిచి, అగరొత్తులు వెలిగించి, ఫోన్ కలిపి, సెర్చ్ ఇంజన్లో ఇంగ్లీషులో 'భర్త గురక' అని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడు. మొదట తమ పేజీ రాగానే తృప్తిగా లైను కట్ చేసేవాడు. ఎవరైనా వేళాకోళమాడితే ఇప్పుడు చిన్నబుచ్చుకోవడం లేదు. "ప్రపంచంలో ఫస్టు బాబూ. మీ ఇళ్ళల్లో ఎవరికైనా దేంట్లోనైనా ఫస్టొచ్చిందా?" అనేవాడు. బంగార్రాజుకి ఆ దెబ్బతో బస్సు నోట్లోనే ఆగిపోయింది.

ఒకనాడు ఆయన షాపు సగం తెరిచి వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. "రూపా, మనం లేం!"

"లేకపోడమేటండీ?"

"మొదటి పేజీ అంతా సూసేను. మన గురక ఎక్కడా లేదు!"

వెళ్ళి చూస్తే నిజమే. మొదట ఒక తలగడల కంపెనీ ఉంది. తరవాత మందులవాళ్ళున్నారు. ఇంకా కిందకి వస్తే ఎవరో మహానుభావుడు ఆమె రాసిన గానుగనీ బస్సునీ మక్కీకి మక్కీ దింపుకుని తన పేర పెట్టుకున్నాడు. ఆమెదేమో నాలుగో పేజీలో అడుగున ఉంది. మీటర్ మళ్ళీ బద్ధకంగా కదులుతోంది. ఆ తరవాత రావలసిన చెక్కు కూడా రాలేదు. ఇంత మొత్తం చేరితేనే పంపుతామని, అప్పటిదాకా జమలో ఉంచుతామని ప్రకటనల కంపెనీవాళ్ళు రాశారు. రూపాదేవి ఆ డబ్బుతో ట్యూషన్ పిల్లలు కూర్చునే వరండాకి ఫ్యాను వేయిద్దామనుకుంది. ఫ్యాను బేరం ఆడి మరీ వచ్చింది.

"నేను గురక మానేసేనని వాళ్ళకెలా తెలిసింది?" అన్నాడు కృష్ణంరాజు దిగులుగా.

ధర్మతేజ ఆదివారం వచ్చి వివరంగా చెప్పాడు. "నీ గురకతో దానికి పని లేదు బావా. అది లెక్క మార్చింది. ఇదివరకు పేజీలో ఏ మాటలున్నాయో సూసేది. ఇప్పుడు నీ పేజీ బాగుందని ఇంకెంతమంది తమ పేజీల్లో దారి సూపిస్తన్నారో కూడా సూస్తాదట. తలగడలోళ్ళకి అలాటోళ్ళు చాలామంది ఉన్నారు. మనకెవరున్నారు?" ఆగి, గొంతు తగ్గించాడు. "ఒక కిటుకుంది గానీ. గురక గురక అని పేజీ అడుగున వందసార్లు రాసేద్దాం. తెల్లటి దాని మీద తెల్లటి అక్షరాలతో. సదివేవాళ్ళకి కనపడవు, ఇంజన్‌కి కనపడతాయి."

రూపాదేవికి ఆ మాట రుచించలేదు. "కనపడని రాతెందుకురా?" అంది. కానీ కృష్ణంరాజు అప్పటికే కుర్చీ లాక్కుని, "వంద సాలుతాయా? రెండొందలు రాసేయ్" అన్నాడు. రాసేశారు.

కొద్దిరోజులు పేజీ పైకి పాకింది. కృష్ణంరాజు అగరొత్తులు ఎక్కువ వెలిగించాడు. ఆ తరవాత ఒక పొద్దున్న నాలుగో పేజీలోనూ లేదు, పదో పేజీలోనూ లేదు. ఎంత వెతికినా లేదు. దొంగ కిటుకు పసిగట్టి ఇంజను దాన్ని వరసలోంచే తీసిపారేసింది. ధర్మతేజ ఫోన్లో నీళ్ళు నమిలాడు.

"బావమరిది మాటిని బాగుపడినోడు లేడు" అన్నాడు కృష్ణంరాజు.

"బావ తొందర సూసి ఆగినోడూ లేడు" అన్నాడు అవతలినుంచి ధర్మతేజ.

రూపాదేవి ఇద్దరినీ పక్కన పెట్టింది. ఆ తెల్ల అక్షరాలన్నీ తుడిచేసింది. ఆ మధ్యాహ్నం గంప ముందూ వెనకా ఆలోచించకుండా, ప్రపంచం బస్సు సంగతే మరిచిపోయి, జరిగింది జరిగినట్టు రాసింది. తను ఎందుకు నవ్విందో, ఏది చూసి నవ్వకూడదో, ఎక్కడో ఉన్న ఒక నర్సు ఒక్క ఉత్తరంతో తన ఇంట్లో ఏం మార్చిందో రాసింది. ఊపిరి ఆగే గురకకి ఆనవాళ్ళేమిటో, డాక్టరు ఏం చెప్పాడో వివరంగా చెప్పింది. బంతి సంగతి రాయాలా వద్దా అని కాసేపు తటపటాయించి భర్తని అడిగింది. "ఎవరికైనా పనికొస్తాదంటే రాసెయ్" అన్నాడాయన.

ఆ నర్సుకి కూడా ఒక ముక్క రాసి పంపింది. ఆవిడ సంతోషించి తమ ఆసుపత్రి పేజీలో, ఇది చదవండి అని రూపాదేవి పేజీకి దారి పెట్టింది. అది చూసి ఇంకొకరు పెట్టారు. బంతి బనీను కుట్టుకున్నవాళ్ళు కొందరు తమ పేజీల్లో ఆ సంగతి చెప్పుకున్నారు. ఇంజనువాళ్ళకి, తప్పు దిద్దుకున్నాం, మళ్ళీ చూడండి, అని ధర్మతేజ బుద్ధిగా అర్జీ పెట్టుకున్నాడు. పేజీ మెల్లగా మళ్ళీ వరసలోకి వచ్చి, మొదటి పేజీలో నాలుగో చోట కుదురుకుంది. తలగడలవాళ్ళని మాత్రం కదపలేకపోయింది. మీటర్ ఆటోలా కాకపోయినా చక్కగా నడిచే సైకిల్లా తిరిగింది. వరండాలో ఫ్యాను తిరగడానికి ఆ మాత్రం చాలు. పిల్లలు పుస్తకాల కాగితాలు ఎగిరిపోతున్నాయని గొడవ పెట్టారు కూడా.

ఇదంతా ఒక కొలిక్కి వచ్చాక ఒక మధ్యాహ్నం, షాపు మూసి ఇద్దరూ ఇంట్లో ఉన్నారు. కృష్ణంరాజు నడుం వాల్చినవాడల్లా లేచి కూర్చున్నాడు. "మిక్సీ ఆపలేదా?"

"మిక్సీ ఎక్కడుందండీ, రిపేరుకిచ్చేం కదా."

"మరేటా సప్పుడు?"

రూపాదేవి చెవి ఒగ్గి విని, చూపుడువేలుతో వసారా వైపు చూపించింది. నవారు మంచం మీద అప్పయమ్మ గుర్రు పెడుతోంది. సన్నగా మొదలై, ఈలగా మారి, ఆఖర్న పాలు పొంగినట్టు బుస్సుమంటోంది.

"అమ్మదా! ఎప్పట్నించి?"

"నేను కాపురానికొచ్చినప్పట్నించీ ఉండే ఉంటాది. మీది ఆగితే కదండీ వినపడ్డానికి."

కృష్ణంరాజు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని పొర్లి పొర్లి నవ్వాడు. రూపాదేవి నవ్వలేదు, ముందు అత్తగారి మంచం పక్కన కింద కూర్చుని చాలాసేపు విన్నది. ఊపిరి ఎక్కడా ఆగలేదు. అప్పుడు నవ్వింది.

ఆ చప్పుడుకి అప్పయమ్మ కళ్ళు తెరిచింది. సంగతి తెలిసి, "ఛీ, నేను గురకెట్టడమేటి!" అంది. కొడుకు అన్న మాటే, అదే గొంతుతో. కాసేపు ముక్కు చీదుకుని, మెల్లగా అడిగింది. "అయితే ఇది కూడా రాస్తావేటే?"

"మీరొద్దంటే రాయనత్తయ్యా."

"వద్దన్నానా? రాయి. కానీ ఈడి గురించి రాసినట్టు మావారు గీవారు అని రాయకు. పేరెట్టి రాయి. అప్పయమ్మ అని. చోడవరం దాటి నా పేరు ఎవరెరుగుతారు?"

అలాగే రాసింది, పేరుతో. చదివినవాళ్ళకి అప్పయమ్మ తెగ నచ్చేసింది. ఈలా, పొంగే పాలూ, వీటికంటే ఆవిడ దెప్పిపొడుపులు ఎక్కువ నచ్చాయి. అప్పయమ్మ ఈ వారం ఏమందని అడుగుతూ ఉత్తరాలు వచ్చాయి. చదివినవాళ్ళు మళ్ళీ రావాలనుకున్నప్పుడు గురక గిరక అని కొట్టడం మానేసి నేరుగా ఆవిడ పేరే కొట్టడం మొదలుపెట్టారు. ఒక పొద్దున్న కృష్ణంరాజు కూడా కొట్టి చూశాడు. తలగడలవాళ్ళు లేరు, మందులవాళ్ళు లేరు. ఆ పేరుకి లోకం మొత్తం మీద ఉన్నది ఒక్కటే పేజీ, పోటీ అన్నదే లేదు. ఆయన ముఖంలో గర్వమూ కుళ్ళూ కలిసి కనబడ్డాయి.

ఆ మధ్యాహ్నం అప్పయమ్మని రిక్షాలో షాపుకి తీసుకొచ్చారు. ఆవిడ కొత్త చీర కట్టుకుంది. కంప్యూటర్ ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్ళజోడు సవరించుకుంది.

"ఇందులో నేనెక్కడే?"

రూపాదేవి తెర మీద ఇంగ్లీషు అక్షరాల కింద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివి చూపించింది. అప్పయమ్మ ఆ అక్షరాలని వేలితో తడిమింది. కొడుకువైపు తిరిగింది.

"దీన్ని కాయితం మీదకి దించి జిరాక్సులు తియ్యరా. మన వీధిలో ఇంటికొకటి."

"ఇంగ్లీషులో ఉందే అమ్మా. ఎవరు సదువుతారు?"

"సదవడానికెవడిమ్మన్నాడు? సూడ్డానికి."

కృష్ణంరాజు మెషీన్ ఆన్ చేశాడు. వేడి వేడి కాగితాలు ఒకటొకటిగా బయటకి వస్తుంటే ఆవిడ వాటిని ఒళ్ళో పేర్చుకుంది. ప్రతిదానికీ తనతో పోటీకొచ్చే పక్కింటి అచ్చియ్యమ్మకి మాత్రం రెండు ఇవ్వాలని చెప్పింది.